కర్రీ పాయింట్ కోసం షటర్ చూశారా? అడ్వాన్స్ ఇచ్చేముందు ఇవి చూస్కోండి

షటర్ నచ్చింది కదా అని అక్కడికక్కడే ఓనర్ చేతిలో డబ్బులు పెట్టేయకండి.

- కరెంట్ మీటర్: పాత బిల్లు అడగండి. ఇంటి మీటర్ మీద షాపు నడిపితే డిపార్ట్‌మెంట్ వాళ్ళు కేసు రాస్తారు, కమర్షియల్‌కి మార్పించేది ఓనరా మీరా ముందే తేల్చుకోండి, బకాయిలు ఉన్నాయేమో కూడా.

- అగ్రిమెంట్: మామూలుగా 11 నెలలకే రాస్తారు. సరే గానీ టైల్స్, ఎగ్జాస్ట్, సింక్ అని లక్షలు పోసేవాళ్ళకి 11 నెలలు ఏ మూలకి? ఏటా అద్దె ఎంత పెంచుతాడు, ఖాళీ చేయమంటే ఎన్ని నెలల ముందు చెప్పాలి, అడ్వాన్స్ ఎప్పుడు తిరిగిస్తాడు, ఈ మూడూ కాగితం మీద ఉండాల్సిందే. "మనం మనం చూస్కుందాం లెండి" అనే ఓనర్ దగ్గర ఇంకా గట్టిగా రాయించుకోవాలంటాను నేను.

- నీళ్ళు, డ్రైనేజీ సరిగ్గా ఉన్నాయా చూడండి. పొగ ఎటు పోతుందో కూడా చూడండి, పైన కాపురం ఉంటే తాలింపు ఘాటు వాళ్ళ ఇంట్లోకే, ఇక గొడవే.

- గ్యాస్: 19 కేజీల కమర్షియల్ సిలిండరే. ఇంటి 14.2 కేజీలది వాడితే తనిఖీలో పట్టుకుపోతారు.

- ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ (తిండి అమ్మేవాళ్ళకి ఉండాల్సిన అనుమతి) ఆన్‌లైన్‌లో మీరే చేస్కోవచ్చు, ఏజెంట్‌కి వేలు పోయక్కర్లేదు.

- అన్నిటికంటే ముఖ్యం, సాయంత్రం 6 నుంచి 9 దాకా ఒక మామూలు రోజూ, ఒక ఆదివారమూ అక్కడ నిలబడి బండ్లు ఆగుతున్నాయా, దూసుకుపోతున్నాయా చూడండి.