గిటార్ తీగను ఆగకుండా మోగించే డ్రైవర్, 3వ భాగం: కాయిల్ చుట్టడం

పోయిన భాగంలో చేసిన ఎల్ఎమ్386 యాంప్లిఫైయర్ బోర్డును ఇవాళ పక్కన పెట్టేయండి. ఇవాళంతా కాయిల్ పనే. ఈ పరికరం మోగేదీ మొరాయించేదీ ఇక్కడే తేలిపోతుంది కాబట్టి తొందరపడొద్దు.

బ్రిడ్జ్ పికప్ తీగ కదలికను పట్టుకుని కరెంటు సిగ్నల్‌గా మారుస్తుంది, యాంప్లిఫైయర్ దాన్ని పెంచి నెక్ వైపున్న మన కాయిల్‌కి ఇస్తుంది, కాయిల్ తీగను మళ్లీ కదిలిస్తుంది, అలా స్వరం ఆగకుండా సాగుతుంది. గ్రెగ్ హీట్ 1976లో మార్కెట్లోకి తెచ్చిన ఈబో అనే పరికరంలోనూ ఇదే సూత్రం, కాకపోతే దాన్ని చేత్తో పట్టుకుని ఒక్కో తీగ మీద పెట్టాలి.

మరి కాయిల్ అడుగున అయస్కాంతం ఎందుకు? అది లేకపోతే కరెంటు ఎటు పారినా కాయిల్ తీగను లాగుతుందే తప్ప వదలదు, దాంతో 110 హెర్ట్జ్‌లో ఊగాల్సిన ఐదో తీగకి సెకనుకి 220 లాగుళ్లు పడతాయి. అయస్కాంతం ఉంటే తీగ మీద ఎప్పుడూ కొంత లాగుడు ఉంటుంది, కరెంటు దాన్ని ఒకసారి పెంచి ఒకసారి తగ్గిస్తుంది. తీగకి తన తాళం దొరుకుతుంది.

కోర్‌కి, అంటే వైరు చుట్టే మధ్య ముక్కకి, 60 మిల్లీమీటర్ల పొడవు, 3 మిల్లీమీటర్ల మందం ఉన్న ఇనుప పట్టీ తీసుకోండి. అయస్కాంతానికి అంటుకుంటుందో లేదో ముందే చూడండి, కొన్ని రకాల స్టెయిన్‌లెస్ స్టీలు అంటుకోదు. పైనా కిందా ప్లాస్టిక్ రేకులు అతికించి మధ్యలో 3 మిల్లీమీటర్ల ఖాళీ ఉంచండి. ఎనామిల్ పూత ఉన్న రాగి వైరు, 36 గేజ్, మోటార్ వైండింగ్ షాపులో అడిగితే ఇస్తారు. సుమారు 100 చుట్లు, అంటే 13, 14 మీటర్లు పడుతుంది.

ప్రతి వరసకీ ఫెవికాల్ పల్చగా రాసి, దాని మీదే చుట్టండి. వేళ్లు జిగురుజిగురుగా అయిపోతాయి, వైరు జారుతుంది, అయినా మానొద్దు. నేను మొదటి కాయిల్‌ని జిగురు లేకుండా చుట్టాను, చూడ్డానికి ముచ్చటగానే ఉంది కానీ కరెంటు ఇవ్వగానే వదులుగా ఉన్న చుట్లు వాటంతటవే అదిరి కీచుమని ఒకటే గోల, రెండు సాయంత్రాల పని మొత్తం విప్పేయాల్సి వచ్చింది. చుట్టడం అయ్యాక పాలిథిన్ కాగితం చుట్టి, రెండు చెక్కల మధ్య బిగించి రాత్రంతా వదిలేయండి.

పొద్దున్నే రెండు కొసల మీదున్న ఎనామిల్ పూతను ఎర్రటి రాగి మెరిసేదాకా గరుకు కాగితంతో గీకండి. గీకకపోతే మల్టీమీటర్ ఏమీ చూపించదు, వైరు తెగిందేమోనని అనవసరంగా టెన్షన్ పడతారు. 8 ఓమ్‌ల దగ్గర చూపిస్తే బాగా వచ్చినట్టే. 4కి పడిపోతే యాంప్లిఫైయర్ బోర్డు మీదున్న ఎల్ఎమ్386 ఐసీ వేడెక్కుతుంది, ఆ కాయిల్ వాడకండి.

మొదలుపెట్టిన కొసకి ఎర్రదారం కట్టి ఉంచండి. కొసలు తారుమారైతే కాయిల్ తీగను మోగించకుండా ఆపేస్తుంది, ఆ పరీక్ష నాలుగో భాగంలో.