స్పీచ్-లాంగ్వేజ్ పాథాలజీలో మాస్టర్స్: అమెరికాలో కాలేజీని ఎలా ఎంచుకోవాలి?

స్పీచ్-లాంగ్వేజ్ పాథాలజీ అంటే మాట, భాష, మింగడంలో వచ్చే ఇబ్బందులకు చికిత్స చేసే వృత్తి. ఆఖరి సెమిస్టరు ప్లేస్‌మెంట్ కోసం, అంటే చదువులో భాగంగా రోగులతో పని నేర్చుకోవడానికి, నా దగ్గరికి వచ్చిన ఒక అమ్మాయికి అన్ని కోర్సుల్లోనూ ‘ఏ’ గ్రేడే. మింగే ప్రక్రియలోని దశలను నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు. పక్షవాతం వచ్చి నాలుగు రోజులైన ఒక పెద్దాయన నీళ్లు ఎలా మింగుతున్నారో చూడమని కప్పు ఆమె చేతికిచ్చాను. కప్పు ఆయన పెదవుల దాకా వెళ్లి ఆగిపోయింది. ఆయన దగ్గితే ఏం చేయాలి? దగ్గకపోతే అంతా బాగున్నట్టేనా? గొంతు మీద వేళ్లు ఎక్కడ ఆనించాలి? ఆమెకు ఏదీ తోచలేదు. అప్పటిదాకా ఆమె చూసినవాళ్లంతా బడిపిల్లలే.

తప్పు ఆమెది కాదు. కాలేజీని ఎంచుకునేటప్పుడు ఫీజు చూసుకుంది, ర్యాంకు చూసుకుంది, ఊరు చూసుకుంది. అక్కడ తాను ఎవరి దగ్గర, ఎలాంటి రోగుల మీద పని నేర్చుకోబోతోందో అడగాలని మాత్రం ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఈ చదువులో అసలు ప్రశ్న అదే. కానీ దానికంటే ముందు తేల్చుకోవలసినవి రెండున్నాయి.

ముందు గుర్తింపు ఉందో లేదో చూడండి

అమెరికాలో ఈ వృత్తికి ప్రధాన సంస్థ అమెరికన్ స్పీచ్-లాంగ్వేజ్-హియరింగ్ అసోసియేషన్. అందరూ ఆషా అంటారు. మాస్టర్స్ ప్రోగ్రాములకు గుర్తింపు ఇచ్చే మండలి సీఏఏ. ఆషా ఇచ్చే సీసీసీ అనే వృత్తి సామర్థ్య ధ్రువపత్రం కావాలంటే సీఏఏ గుర్తింపు ఉన్న ప్రోగ్రాములోనో, ‘క్యాండిడసీ’ హోదాలో ఉన్న ప్రోగ్రాములోనో చదివి ఉండాలి. క్యాండిడసీ అంటే కొత్తగా మొదలై, పూర్తి గుర్తింపు కోసం పరిశీలనలో ఉన్నదని అర్థం. అలాంటి చోట చేరడం తప్పేమీ కాదు, కొన్నిసార్లు సీటు తేలికగా దొరుకుతుంది కూడా. కాకపోతే అడగడానికి పాత విద్యార్థులు ఉండరు, చూడడానికి పాత ఫలితాలు ఉండవు.

గుర్తింపు ఉన్న ప్రోగ్రాముల జాబితా ఆషా నడిపే ‘ఎడ్‌ఫైండ్’లో దొరుకుతుంది. కాలేజీ కరపత్రంలో ఏం రాసుకున్నా, పేరు అక్కడ ఉందో లేదో మీరే చూసుకోండి. కరపత్రంలో ‘గుర్తింపు పొందిన విశ్వవిద్యాలయం’ అని ఉంటే అది మొత్తం విశ్వవిద్యాలయానికి వచ్చిన గుర్తింపు కావచ్చు. మనకు కావలసింది ఈ ప్రోగ్రాముకు వచ్చినది.

ఇక్కడే ర్యాంకుల సంగతి కూడా చెప్పేస్తాను. పెద్ద పేరున్న చోట చదివినా, ఎవరూ వినని ఊళ్లో చదివినా చివరికి చేతికి వచ్చే సీసీసీ ఒకటే, దానికోసం రాసే ప్రాక్సిస్ అనే జాతీయ పరీక్ష ఒకటే, 200కు 162 అనే ఉత్తీర్ణత గీతా ఒకటే. పరిశోధన వైపు, పీహెచ్‌డీ వైపు వెళ్లాలనుకునేవారికి ప్రొఫెసర్ల పేర్లు ముఖ్యం. క్లినిక్‌లో పనిచేయాలనుకునేవారు ర్యాంకుల పట్టికను పెద్దగా పట్టించుకోనక్కర్లేదు.

మీ చదువును లెక్కవేసుకోండి

డిగ్రీ ఇదే రంగంలో చేసినవారికి మాస్టర్స్ మామూలుగా రెండేళ్లు, మధ్యలో వేసవి సెమిస్టర్లతో కలిపి. భాషాశాస్త్రమో, మనస్తత్వశాస్త్రమో, ఇంకేదో చదివి వచ్చినవారు ముందు పునాది కోర్సులు చేయాలి: ధ్వనిశాస్త్రం, మాటకూ వినికిడికీ సంబంధించిన శరీర నిర్మాణం, పిల్లల్లో భాష ఎదిగే తీరు, ఆడియాలజీ (వినికిడి శాస్త్రం) పరిచయం వంటివి. ఇవి కాక, సీసీసీ కోసం జీవశాస్త్రం, భౌతికశాస్త్రం లేదా రసాయనశాస్త్రం, గణాంకశాస్త్రం, సామాజిక లేదా ప్రవర్తనా శాస్త్రం ఒక్కొక్కటీ చదివిన ఆధారం ఉండాలి. భౌతిక, రసాయన శాస్త్రాల్లో ఏదీ లేదన్న సంగతి ఆఖరి సెమిస్టరులో బయటపడి వేసవంతా దానికే పోగొట్టుకున్నవాళ్లను చూశాను.

పునాది కోర్సులను కొన్ని కాలేజీలు మాస్టర్స్‌లోనే కలిపి మూడేళ్లకు సాగదీస్తాయి. కొన్ని వాటిని ముందే ఎక్కడైనా పూర్తిచేసి రమ్మంటాయి. రెండో దారి తరచుగా చవక. అయితే అన్ని కాలేజీలూ ఒకే జాబితా అడగవు కాబట్టి, దరఖాస్తు చేయదలచిన వాటన్నిటి జాబితాలూ పక్కపక్కన పెట్టుకుని, ఎక్కువ చోట్ల అడిగే కోర్సులతో మొదలుపెట్టండి.

ఇప్పుడు క్లినిక్

సీసీసీకి మొత్తం 400 గంటల క్లినికల్ అనుభవం కావాలి. అందులో 25 గంటలు పర్యవేక్షణలో చూసి నేర్చుకునేవి, 375 గంటలు రోగులతో నేరుగా పనిచేసేవి. కనీసం 325 గంటలు మాస్టర్స్ స్థాయిలోనే జరగాలి. సిమ్యులేషన్ ద్వారా, అంటే కంప్యూటర్ మీదో మరో కృత్రిమ పద్ధతిలోనో చేసినవాటిని 75 గంటల వరకు లెక్కలోకి తీసుకోవచ్చు. ఈ అంకెలు అన్ని ప్రోగ్రాములకూ సమానమే. ఆ గంటలు దేనితో నిండుతాయన్న దగ్గరే తేడా అంతా ఉంటుంది.

ఈ వృత్తి చాలా విశాలమైనది. ఉచ్చారణ దోషాలు, నత్తి, గొంతు సమస్యలు, భాష ఆలస్యంగా రావడం, వినికిడి లోపం వల్ల మాటలో వచ్చే ఇబ్బందులు, మింగడం, జ్ఞాపకశక్తి, ఏకాగ్రత, నలుగురితో మసలుకునే భాష, మాట రానివారికి పరికరాల సాయం. ఇవన్నీ ఒకే డిగ్రీలో ఇమిడి ఉన్నాయి. పాఠాలుగా అన్నీ అందరూ చెబుతారు. అన్ని రకాల రోగులనూ చూపించే కాలేజీలు తక్కువ.

అందుకే ప్రోగ్రాము డైరెక్టరును ‘మీ దగ్గర ప్లేస్‌మెంట్లు బాగుంటాయా’ అని అడగకండి. బాగుంటాయనే చెబుతారు, ఇంకేం చెబుతారు? ఇలా అడగండి: పోయిన ఏడాది ఎంతమంది విద్యార్థులు ఆస్పత్రిలో పనిచేశారు? పెద్ద ఆస్పత్రా, పునరావాస కేంద్రమా, వృద్ధులుండే నర్సింగ్ హోమా? మింగడాన్ని ఎక్స్‌రే కింద బేరియంతో చూసే పరీక్షను వాళ్లు దగ్గరుండి చూశారా, లేక వీడియోలో చూశారా? ప్లేస్‌మెంటును కాలేజీ వెతికి పెడుతుందా, విద్యార్థే వెతుక్కోవాలా? కారు లేనివాళ్లు ఎలా వెళ్తున్నారు?

ఈ చివరి ప్రశ్నను చిన్నదనుకోవద్దు. నగరానికి గంటన్నర దూరంలో ఉన్న నర్సింగ్ హోముకు ఉదయం ఏడింటికల్లా చేరవలసి వస్తే, అక్కడికి బస్సు లేకపోతే, అది మీకు లేని ప్లేస్‌మెంటే.

సూపర్వైజర్ల గురించి కూడా ఆరా తీయండి. ఒక్కో రోగితో విద్యార్థి గడిపే సమయంలో కనీసం 25 శాతం సూపర్వైజర్ కళ్ల ముందే జరగాలని ఆషా నియమం. అది కనిష్ఠం మాత్రమే. మొదటి సెమిస్టరులో అంతకంటే ఎక్కువ ఉండాలి. కాలేజీ సొంత క్లినిక్‌లో ఒక సూపర్వైజర్ ఒకేసారి ఎంతమంది విద్యార్థులను చూస్తున్నారో, సెషన్ అయ్యాక మాట్లాడతారో, కాగితం మీద రాసి పంపేసి ఊరుకుంటారో కనుక్కోండి. నేను విద్యార్థిగా ఉన్నప్పుడు ఒక సూపర్వైజర్ అద్దం వెనక కూర్చుని, సెషన్ అయ్యాక ఒక్క మాటే అడిగేవారు: ‘ఆ పిల్లవాడు నిన్ను చూసి నవ్వింది ఎప్పుడు?’ ఆ ప్రశ్నకు జవాబు కోసం వెతకడంలోనే ఎదుటివాణ్ని గమనించడం అలవాటైంది. అలాంటివారు ఏ పట్టికలోనూ దొరకరు. ప్రస్తుతం చదువుతున్నవారిని అడిగితేనే తెలుస్తుంది.

కాబట్టి చదువుతున్నవాళ్లతో మాట్లాడండి. కాలేజీ తానుగా చూపించే విద్యార్థి రాయబారులతో మాత్రమే కాదు, వీలైతే రెండో ఏడాదిలో ఉన్న మరొకరితో. ‘మళ్లీ ఎంచుకోవలసి వస్తే ఇక్కడికే వస్తారా’ అని అడిగి, జవాబు రావడానికి ఎంతసేపు పట్టిందో గమనించండి.

అంకెలు చదివే పద్ధతి

సీఏఏ నియమం ప్రకారం ప్రతి ప్రోగ్రామూ తన విద్యార్థుల ఫలితాలను అందరికీ కనిపించేలా ప్రకటించాలి. ప్రాక్సిస్ ఉత్తీర్ణత, సమయానికి చదువు పూర్తిచేసినవారి శాతం అందులో ఉంటాయి. మూడేళ్ల అంకెలు కలిపి చూడండి, ఒక్క ఏడాది చూసి మోసపోకండి. పన్నెండు మంది ఉన్న తరగతిలో ఒక్కరు తప్పితే శాతం ఎనిమిది పడిపోతుంది. అరవై మంది ఉన్నచోట అదే ఒక్కరి వల్ల రెండు శాతం కూడా తగ్గదు.

ప్రాక్సిస్ శాతం దాదాపు అన్నిచోట్లా బాగానే ఉంటుంది. నేనైతే చదువు పూర్తిచేసినవారి శాతం దగ్గర ఎక్కువసేపు ఆగుతాను. అది తగ్గిందంటే విద్యార్థులు మధ్యలో ఎందుకు ఆగిపోయారో అడగవలసిందే. చదువు కష్టమై ఆగిపోతే ఒక సంగతి, ప్లేస్‌మెంట్ దొరక్క ఆగిపోతే పూర్తిగా వేరే సంగతి.

డబ్బు

అమెరికా కార్మిక గణాంకాల శాఖ లెక్క ప్రకారం 2023 మే నాటికి ఈ వృత్తిలో మధ్యస్థ వార్షిక వేతనం 89,290 డాలర్లు. మంచి జీతమే. కానీ అది అనుభవజ్ఞులను కూడా కలుపుకున్న మధ్యస్థం. ఖరీదైన ప్రైవేటు కాలేజీ నుంచి వచ్చినవారికి మొదటి ఉద్యోగంలో ఎవరూ ఎక్కువ ఇవ్వరు. కాబట్టి అప్పు సంగతి వచ్చేసరికి మొహమాటపడకూడదు.

ఫీజును సెమిస్టరుకు ఎంత అని కాకుండా మొత్తం డిగ్రీకి ఎంత అని కట్టి చూడండి. వేసవి సెమిస్టర్లు, పునాది కోర్సులు, ప్లేస్‌మెంటుకు రాకపోకలు, అక్కడ అడిగే టీకాలు, నేర చరిత్ర తనిఖీ, ప్రాక్సిస్ రుసుము అన్నీ అందులో వేయండి. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఆ రాష్ట్ర నివాసులకు ఫీజు తక్కువ. అసిస్టెంట్‌షిప్, అంటే విశ్వవిద్యాలయంలో పనిచేసినందుకు దొరికే ఆర్థిక సాయం, ఇస్తామంటే అది రెండో ఏడాది కూడా ఉంటుందో లేదో రాతపూర్వకంగా తీసుకోండి. ప్లేస్‌మెంట్లు వారానికి నాలుగైదు రోజులు నడుస్తున్నప్పుడు పక్కన ఉద్యోగం చేసుకోవచ్చన్న ధీమా మీద బడ్జెట్ వేయకండి.

ఆన్‌లైనా, క్యాంపసా?

ఆన్‌లైన్ ప్రోగ్రాముల్లోనూ సీఏఏ గుర్తింపు ఉన్నవి ఉన్నాయి. పాఠాలు తెర మీద, క్లినిక్ మీ ఊళ్లో. ఇంట్లో చిన్నపిల్లలున్నవారికి, ఊరు వదలలేనివారికి ఇదొక వరం. అయితే మీ రాష్ట్రంలో ఉన్నవారిని ఆ ప్రోగ్రాము చేర్చుకుంటుందో లేదో, ఆ డిగ్రీతో మీ రాష్ట్ర లైసెన్సు వస్తుందో లేదో ముందే తేల్చుకోవాలి. బడుల్లో పనిచేయాలంటే కొన్ని రాష్ట్రాలు లైసెన్సుతో పాటు విద్యాశాఖ ధ్రువపత్రం కూడా అడుగుతాయి.

ఎఫ్-1 విద్యార్థి వీసా మీద వచ్చేవారికి ఈ దారి దాదాపు మూసుకున్నట్టే. సెమిస్టరుకు ఒక్క ఆన్‌లైన్ కోర్సును మాత్రమే, అదీ మూడు క్రెడిట్లకు మించకుండా, పూర్తికాల చదువు లెక్కలో చూపగలరు. వీరు మరో లెక్క కూడా వేసుకోవాలి. డిగ్రీ అయ్యాక సీసీసీ కోసం క్లినికల్ ఫెలోషిప్, అంటే అనుభవజ్ఞుల పర్యవేక్షణలో ఉద్యోగం, చేయాలి: పూర్తికాలమైతే 36 వారాలు, మొత్తం 1,260 గంటలు. చదువయ్యాక ఇక్కడ పనిచేయడానికి ఎఫ్-1 వారికి దొరికే అనుమతి, ఓపీటీ, పన్నెండు నెలలు. సరిపోయినట్టే కనిపిస్తుంది. కానీ చాలాచోట్ల తాత్కాలిక లైసెన్సు చేతికి వస్తేగానీ పనిలో చేరలేరు, ఆ ఎదురుచూపు ఈ పన్నెండు నెలల్లోంచే పోతుంది. విదేశీ విద్యార్థులు గతంలో ఇక్కడ ఫెలోషిప్ ఎలా పూర్తిచేశారని ప్రోగ్రామును అడగండి. జవాబు తడబడితే, మీరే మొదటివారన్నమాట.

దరఖాస్తు, ఆపైన ఏప్రిల్

చాలా ప్రోగ్రాములు సీఎస్‌డీక్యాస్ అనే ఉమ్మడి వేదిక ద్వారా దరఖాస్తులు తీసుకుంటాయి. గడువులు ఎక్కువగా శీతాకాలంలో పడతాయి. సీటు గ్యారంటీ అనుకున్నవి రెండు, అందవచ్చు అనుకున్నవి నాలుగైదు, ఆశ మీద ఒకటి. అంతకు మించి రాస్తే వ్యాసాలు ఒకదానికొకటి నకళ్లుగా మారతాయి, చదివేవారికి అది ఇట్టే తెలిసిపోతుంది. జీఆర్ఈని చాలా కాలేజీలు వదిలేశాయి, మీరు ఎంచుకున్నవి అడుగుతున్నాయో లేదో చూసుకుంటే సరి. సిఫారసు లేఖలకు మాత్రం రెండు నెలల ముందే అడగండి.

ఆర్థిక సాయంతో కూడిన ఆఫర్లకు జవాబివ్వడానికి చాలా విశ్వవిద్యాలయాలు ఏప్రిల్ 15ను గడువుగా పాటిస్తాయి. సాయం లేని సీటుకు గడువు ముందే ఉండవచ్చు, లేఖలోని తేదీ చూడండి. రెండు సీట్లు చేతిలో ఉండి తేల్చుకోలేకపోతే, రెండు కాలేజీల క్లినిక్‌లకూ ఒక్క పూట వెళ్లి కూర్చోండి, అనుమతిస్తే ఒక సెషన్ చూడండి. వెళ్లడం కుదరకపోతే వీడియో కాల్‌లో క్లినిక్ సమన్వయకర్తతో అరగంట మాట్లాడండి. ఆ అరగంటలో వారు రోగుల గురించి ఎక్కువ మాట్లాడారో, భవనం గురించి ఎక్కువ మాట్లాడారో మీకే తెలుస్తుంది.

చేరాలని నిర్ణయించుకున్న రోజే మిగిలినవాటికి రావడం లేదని రాసేయండి. ఆ సీటు కోసం వెయిట్‌లిస్టులో ఎవరో ఫోను పక్కన పెట్టుకుని కూర్చుని ఉంటారు. ఇప్పటికే చేసిన పరిశీలన గంటలు ఉంటే, సీసీసీ ఉన్న పర్యవేక్షకుల సంతకాలతో ఆ కాగితాలు ఇప్పుడే సంపాదించి పెట్టుకోండి. వారు ఉద్యోగం మారిపోయాక ఆ సంతకాల కోసం తిరగడం చాలా విసుగు.