సోడియం అయొడైడ్ స్ఫటికాల్లో మలినాలు: సమస్య - పరిష్కారం

కంటికి కనిపించని కృష్ణ పదార్థాన్ని (డార్క్ మ్యాటర్) వెదికే డామా-లిబ్రా (ఇటలీ), కొసైన్-100 (దక్షిణ కొరియా), అనైస్-112 (స్పెయిన్) ప్రయోగాలు మూడింటిలోనూ వాడినవి, కణం తగిలితే మెరిసే, థాలియం కలిపిన సోడియం అయొడైడ్ స్ఫటికాలే. వాటిలోని రేడియోధార్మిక మలినాలు కూడా అలాంటి మెరుపులనే పుట్టిస్తాయి. మలినం స్ఫటికం లోపల ఉందా, పైపొరలో ఉందా అన్నది ముందుగా తేల్చుకోకుండా సానపట్టడానికి పూనుకుంటే శ్రమ వృథా కావచ్చు.

సమస్య: స్ఫటికంలో నమోదైన శక్తుల వర్ణపటంలో 3 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల (శక్తి ప్రమాణం) దగ్గర చిన్న గుట్ట కనిపిస్తుంది.

కారణం: పొటాషియం-40. సోడియంతో రసాయన సామ్యం ఉన్నందువల్ల ఇది ముడిపొడి నుంచే వెంట వస్తుంది. దాని క్షయంలో పుట్టే 1461 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల గామా కిరణం స్ఫటికం దాటి వెళ్లిపోతే, లోపల మిగిలేది ఆ 3 మాత్రమే. కృష్ణ పదార్థపు సంకేతమని డామా చూపిన వార్షిక హెచ్చుతగ్గులు 6 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల కంటే తక్కువ శక్తి వద్దే ఉన్నాయి కనుక దీన్ని ఉపేక్షించడానికి వీల్లేదు. అదే క్షణంలో పక్క స్ఫటికంలో 1461 నమోదైతే అనుమానం తీరినట్టే.

పరిష్కారం: స్ఫటికం పెరిగాక పొటాషియంను తీయలేము, పొడి దశలోనే తీయాలి. పొడిని కరిగించి గట్టిపరచిన కడ్డీ వెంట సన్నని కరిగిన భాగాన్ని నెమ్మదిగా జరుపుతూ పోతే, ద్రవంలోనే ఉండటానికి మొగ్గే పొటాషియం చివరికి చేరుతుంది. ఆ చివరను కోసి తీసివేయాలి. ఇంకా మిగిలినదాని కోసం స్ఫటికాల చుట్టూ ద్రవ సింటిలేటర్ (కిరణం తగిలితే మెరిసే ద్రవం) నింపి, గామా అక్కడ తగిలిన ఘటనలను లెక్క నుంచి తొలగించాలి.

సమస్య: కొత్త స్ఫటికంలో ఆల్ఫా కణాల సంఖ్య నెలనెలా పెరుగుతోంది.

కారణం: గాలిలోని రేడాన్ నుంచి వచ్చిన సీసం-210. దాని అర్ధాయువు సుమారు 22 ఏళ్లు, దాని నుంచి పుట్టి ఆల్ఫాలను వెలువరించే పొలోనియం-210ది 138 రోజులు. ఆల్ఫాలు ఇలా పెరుగుతున్నాయంటే, సీసం ఇటీవలే, అంటే శుద్ధి లేదా పెంపకం దశలో, చేరిందని అర్థం. ఆల్ఫాలు పూర్తి శక్తితో ఒక శిఖరంగా నిలిస్తే మలినం లోపలిది. శిఖరం నుంచి తక్కువ శక్తుల వైపు తోకలా సాగితే పైపొరది.

పరిష్కారం: పైపొరదైతే తేమ లేని పెట్టెలో, నీరు లేని ద్రావకంతో పలుచగా చెక్కి తీయవచ్చు. లోపలిదైతే ఆ స్ఫటికానికి మందు లేదు; తర్వాతి దానికి పొడి తూచడం మొదలు మూస మూసేదాకా అంతా నైట్రజన్ ప్రవాహంలోనే జరగాలి.

స్ఫటికం పసుపు రంగుకు తిరిగితే అయొడిన్ విడుదలైందని గ్రహించి, తేమ ఎక్కడ చొరబడిందో చూడాలి. చల్లార్చేటప్పుడు పగుళ్లు వస్తే ఉష్ణోగ్రతను మరింత నిదానంగా దించాలి. విశ్వకిరణాల వల్ల పుట్టే ట్రిటియంకు (రేడియోధార్మిక హైడ్రోజన్) మాత్రం నివారణే మార్గం: స్ఫటికాన్ని విమానంలో పంపకుండా, వీలైనంత త్వరగా భూగర్భానికి చేర్చాలి.