హోల్డింగ్ కంపెనీ షేరు ‘చవక’ అనుకునే ముందు

హోల్డింగ్ కంపెనీ అంటే ప్రధానంగా వేరే కంపెనీల షేర్లు పట్టుకుని ఉండే కంపెనీ. అలాంటిదే ఎల్సిడ్ ఇన్వెస్ట్‌మెంట్స్, గుర్తుందిగా? చేతిలో ఏషియన్ పెయింట్స్ షేర్లున్నా బీఎస్ఈలో ధర 3.53 రూపాయలే. 2024 అక్టోబర్ 29న ప్రత్యేక వేలంలో ఒక్కరోజే 2,36,250 అయింది. అది చూసి కాలిక్యులేటర్ తీసేవాళ్లు ముందు ఇవి చూసుకోండి.

- వేరే కంపెనీలో దానికున్న వాటా ఎంతో ఆ కంపెనీ తాజా షేర్‌హోల్డింగ్ ప్యాటర్న్‌లోనే (ఎవరి దగ్గర ఎన్ని షేర్లున్నాయో చెప్పే పట్టిక) చూడండి. మధ్యలో బోనస్ (ఉచితంగా అదనపు షేర్లు), స్ప్లిట్ (ఒక షేరును కొన్నిగా విడగొట్టడం) జరిగి ఉంటే పాత వార్షిక నివేదిక లెక్క తలకిందులే.

- అప్పు తీసేయండి. 800 కోట్ల వాటా, 100 కోట్ల అప్పు, మొత్తం కోటి షేర్లు అనుకోండి: షేరుకు 700. మార్కెట్లో 300కే దొరికితే 57 శాతం డిస్కౌంట్. ఇక్కడే నోరూరుతుంది, ఇక్కడే ఆగాలి. ప్రమోటరు (కంపెనీని చేతిలో ఉంచుకున్న యజమాని) ఆ వాటాను మామూలుగా అమ్మడు. అమ్మినా లాభంపై పన్ను కట్టాలి. ఐదేళ్ల కిందటా డిస్కౌంట్ ఇంతే ఉందా? అయితే అది చవక కాదు, దాని మామూలు ధర.

- హోల్డింగ్ కంపెనీ చేతిలోని ఆ షేర్లు తాకట్టులో ఉన్నాయా?

- వచ్చిన డివిడెండ్‌లో మనదాకా చేరేదెంత?

- రోజుకు ఎన్ని షేర్లు చేతులు మారుతున్నాయి? ఇది చూడకుండా ఒకటి కొన్నా. అమ్మడానికి మూడు వారాలు పొద్దున్నే ఆర్డర్ పెట్టుకుంటూ కూర్చున్నా.