మృగశిర రాకముందే తోట పనిముట్లు బాగుచేసుకుంటున్నారా? ఈ జాగ్రత్తలు చూడండి

రోహిణి కార్తె ఎండల్లో ఎవరైనా నీడపట్టునే ఉందామనుకుంటారు. కానీ పార, గునపం, కొడవలి, కత్తెర బాగుచేసుకోవడానికి ఇంతకు మించిన అదను లేదు. జూన్ 8 ప్రాంతంలో మృగశిర వస్తుంది. నాలుగు చినుకులు పడ్డాయంటే ఇక చెక్క పిడి ఆరదు, తుడిచి పెట్టిన ఇనుముకూ తుప్పు పొర పట్టేస్తుంది.

సామాను మూలలోకి ముందు చెయ్యి పెట్టకండి. పాత గోనెసంచుల మధ్య, బోర్లించిన కుండీల కింద తేళ్లు, పాములు చేరి ఉండొచ్చు. టార్చి వేసి, కర్రతో కదిపి, ఒక్కో పనిముట్టూ బయటికి లాగండి. కాళ్లకు బూట్లు ఉండాలి.

తుప్పు గీసుకుంటేనే ధనుర్వాతం వస్తుందని చాలామంది నమ్మకం. ఆ క్రిములు ఉండేది మట్టిలో, పేడలో. తళతళలాడే కత్తికి మట్టి అంటి ఉన్నా ప్రమాదమే. చివరి టీకా పదేళ్ల కిందటిదైతే పని మొదలుపెట్టకముందే వేయించుకోండి. లోతుగా, మట్టితో దెబ్బ తగిలితే మాత్రం ఐదేళ్లు దాటినా డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే.

మొండి తుప్పుకి ఇనుప భాగాన్ని రాత్రంతా వెనిగర్‌లో నానబెట్టి, తీగల బ్రష్‌తో రుద్ది, కడిగి వెంటనే ఆరబెట్టాలి. కళ్లద్దాలు మరవొద్దు, బ్రష్ తీగలు విరిగి ఎగురుతాయి. అదే తొట్టిలో బ్లీచింగ్ కలిపితే క్లోరిన్ వాయువు వచ్చి ఊపిరాడదు. అసలు కత్తెరకు బ్లీచింగ్ ఎందుకు? ఇనుమును తినేస్తుంది. నిమ్మలో గజ్జి తెగులు ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు కత్తెర మోసుకెళ్తుంది కాబట్టి, కొమ్మలు కత్తిరించేటప్పుడు చెట్టు చెట్టుకీ 70 శాతం స్పిరిట్‌తో తుడిస్తే చాలు. దగ్గర్లో నిప్పు ఉండకూడదు.

పిడి వదులైతే పారను నీళ్ల తొట్టిలో పడేయడం మన ఇళ్లలో అలవాటు. చెక్క ఉబ్బి అప్పటికి గట్టిగానే కూర్చుంటుంది. అలా ఉబ్బినప్పుడు ఇనుప కన్నానికి ఒత్తుకుని లోపలి నార నలిగిపోతుంది. ఎండాక మునుపటికంటే వదులవుతుంది, ఎత్తి కొట్టేటప్పుడు పార ఊడి ఎగురుతుంది. పిడి బిగిసేలా కొత్త చెక్క చీల కొట్టించండి. పిడి పగిలిందా, తాడు చుట్టి నెట్టుకురాకుండా మార్చేయండి.

పదును పెట్టడానికి ఆకురాయి చాలు, దానికి పిడి తప్పనిసరి. లేకపోతే జారినప్పుడు దాని మొన అరచేతిలో దిగుతుంది. పనిముట్టును వైస్‌లో బిగించి, ఒకవైపే తోయండి. కత్తెరకు ఏటవాలు ఉన్న వైపే రాయాలి, రెండో వైపు రాస్తే అంచుల మధ్య సందు పడి కొమ్మ తెగదు, నలుగుతుంది. గ్రైండర్ వాడితే అంచు నీలంగా మారకుండా చూసుకోండి, మారిందంటే వేడికి ఉక్కు మెత్తబడినట్టే.

పిడికి అవిసె నూనె రాసిన గుడ్డను ఉండచుట్టి మూలన పడేయకండి. ఆ నూనె ఆరుతూ వేడి పుట్టిస్తుంది, అగ్గిపుల్ల లేకుండానే గుడ్డ అంటుకోగలదు. బయట పరిచి ఆరేయండి, లేదా నీళ్లలో ముంచి పారేయండి.

ఇక స్ప్రేయర్. కలుపుమందుకు వేరేది పెట్టుకోండి. 2,4-డి అనే కలుపుమందు అడుగున కాస్త మిగిలినా టమాటా ఆకులు మెలితిరిగిపోతాయి. మందు కొట్టాక మూడుసార్లు కడగండి, ఆ నీళ్లు బావివైపు పోకూడదు. నాజిల్ మూసుకుపోతే నోటితో ఊదొద్దు, పాత టూత్‌బ్రష్ సరిపోతుంది.