లెన్సు పాఠాలు – 4: దురద ఏ వేళకి వస్తోంది?

పోయిన పాఠంలో కాంటాక్ట్ లెన్సుని అరచేతిలో వేసుకుని సొల్యూషన్‌తో రుద్ది కడగడం నేర్చుకున్నాం. ఆ తర్వాత వచ్చిన మెసేజీల్లో ఎక్కువ భాగం ఒకటే ఫిర్యాదు: "మీరు చెప్పినట్టే చేస్తున్నాం, దురద మాత్రం పోలేదు." కొందరైతే కడగడం వల్లే దురద మొదలైందని తేల్చేశారు. అందుకే ఈసారి చెబుతానన్న పవర్ చీటీ సంగతి వచ్చే పాఠానికి జరుపుతున్నాను.

కడగడం మొదలుపెట్టాక దురద రావడం అసాధ్యమేం కాదు. సొల్యూషన్‌లో క్రిముల్ని చంపడానికి కలిపే మందు కొందరి కంటికి పడదు. అలా పడనప్పుడు లెన్సు పెట్టిన కాసేపటికే, సాధారణంగా రెండు కళ్ళూ, మండుతూ ఎర్రబడతాయి. వీళ్ళు డాక్టరుని అడిగి హైడ్రోజన్ పెరాక్సైడ్ రకానికి మారొచ్చు. దాన్ని దానితో వచ్చే డబ్బాలోనే వాడాలి. సీసా మీద రాసినన్ని గంటలు, మామూలుగా ఆరు, పూర్తికాకుండా లెన్సు తీసి పెట్టుకుంటే కన్ను భగ్గున మండుతుంది.

మిగతావాళ్ళు ఒక ప్రశ్నకి జవాబు వెతకండి: దురద ఏ వేళకి వస్తోంది?

పొద్దున లెన్సు పెట్టకముందే రెప్పల అంచు దురదపెట్టి, వెంట్రుకల మొదళ్ళలో పొట్టు కనిపిస్తే గొడవ రెప్పది, లెన్సుది కాదు. దీన్ని బ్లెఫరైటిస్ అంటారు. గోరువెచ్చని గుడ్డతో కాపడం పెట్టి, రెప్పల అంచుని రోజూ శుభ్రం చేయాలి. రెప్ప లోపలి అంచున కాటుక పెట్టే అలవాటుంటే మానేయండి.

మధ్యాహ్నం దాటాక ఆఫీసులో మొదలైతే చాలామటుకు పొడిబారడమే. స్క్రీన్ చూస్తుంటే రెప్ప వేయడం బాగా తగ్గిపోతుంది. బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్డు ఆఫీసుల్లో ఏసీ గాలి సరిగ్గా మొహం మీదకే కొట్టే సీట్లు ఉంటాయి. ముందు సీటు మార్పించుకోండి, కంటి చుక్కల మందు ఆ తర్వాత.

బయట తిరిగిన రోజున తుమ్ములతో పాటు వస్తే ఎలర్జీ. బెంగళూరులో ఖాళీ సైటు కనబడితే చాలు, వయ్యారిభామ మొలుస్తుంది. దాని పుప్పొడి, తవ్విన రోడ్ల దుమ్ము లెన్సుకి అంటుకుని రోజంతా కంట్లోనే ఉంటాయి.

ఇక ఎక్కువమందిది నాలుగో రకం: లెన్సు పెట్టుకున్నంతసేపూ ఎలాగో గడిచి, తీశాక దురద ఇంకా ఎక్కువవుతుంది. పొద్దున కంటి మూలలో తీగలాగా సాగే పుసి. రెప్ప వేసినప్పుడల్లా లెన్సు పైకి జారడం. ఈ మూడూ కలిసి ఉంటే పైరెప్ప లోపలివైపు బుడిపెలు లేచి ఉండొచ్చు. జయంట్ పాపిల్లరీ కంజంక్టివైటిస్ అని దీని పేరు. కన్నీటిలోని ప్రొటీన్ లెన్సు మీద పొరగా పేరుకుంటుంది. రెప్ప వేసిన ప్రతిసారీ ఆ పొర, లెన్సు అంచు రెప్ప లోపలి చర్మాన్ని రాసుకుంటాయి. నెలకే పారేయాల్సిన లెన్సుని రెండు నెలలకి సాగదీసేవాళ్ళలో ఇది తరచూ చూస్తాను. మీ ఫిర్యాదుకి జవాబు కూడా ఇక్కడే ఉంది. ఈ రోజు నుంచి శుభ్రంగా కడిగితే కొత్త పొర తగ్గుతుంది, కానీ ఇప్పటికే లేచిన బుడిపెలు అణగడానికి వారాలు పడుతుంది. ఆ వారాల్లో లెన్సు మానేసి కళ్ళద్దాలు పెట్టుకోవాల్సిందే. మళ్ళీ మొదలుపెట్టేటప్పుడు నా ఓటు ఏ రోజుకారోజు పారేసే లెన్సులకే. ఖరీదెక్కువే, కానీ పొర పేరుకునే వ్యవధే ఉండదు.

ఇప్పుడు నాకు నిజంగా కోపం తెప్పించే విషయం. "రూమ్మేటుకి డాక్టరు రాసిన చుక్కలు వేసుకున్నాను, రెండు రోజుల్లో తగ్గింది" అని ఎంతమంది రాశారో! ఆ సీసా చేతిలోకి తీసుకుని చిన్న అక్షరాలు చదవండి. డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసొలోన్, ఫ్లోరోమెథొలోన్, లోటెప్రెడ్నాల్: వీటిలో ఏది ఉన్నా అది స్టెరాయిడ్. యాంటీబయాటిక్ పేరు పెద్దగా, స్టెరాయిడ్ పేరు దాని కింద ఉన్న జోడు మందులు కూడా ఉంటాయి, కాబట్టి మొదటి పేరు దగ్గరే ఆగకండి. స్టెరాయిడ్ ఏ దురదనైనా తగ్గిస్తుంది, అందుకే తగ్గింది కాబట్టి సరైన మందే అనుకోవడం తప్పు. వారాల తరబడి వాడితే కొందరిలో కంటి లోపలి ఒత్తిడి పెరుగుతుంది. నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. ఆ ఒత్తిడి కంటి నరాన్ని దెబ్బతీస్తే అదే గ్లకోమా, దానితో పోయిన చూపు తిరిగి రాదు. శుక్లమూ రావచ్చు. అసలు కారణం ఫంగస్ అయితే స్టెరాయిడ్ దానికి ఊతమిచ్చినట్టే. డాక్టరు ఒత్తిడి చూస్తూ కొన్నాళ్ళకి ఇస్తే అది వైద్యం. అదే సీసా పీజీ హాస్టల్లో చేతులు మారితే ప్రమాదం. షాపువాడు చీటీ అడగకుండా ఇచ్చాడంటే మందు తేలికైనదని కాదు. ఎరుపు పోగొట్టే చుక్కలూ అంతే, మానేశాక ఎరుపు ఇంకా పెరగొచ్చు. లెన్సు మీదుగా ఏ చుక్కలూ వేయకండి, లెన్సుతో వాడొచ్చని సీసా మీద రాసి ఉంటే తప్ప.

కన్ను నలపడం గురించి ఒక్క మాట: గట్టిగా నలిపే అలవాటుకీ, నల్లగుడ్డు పలచబడి ముందుకి పొడుచుకొచ్చే కెరటోకోనస్‌కీ సంబంధం ఉంది. చల్లని గుడ్డ పెట్టండి. ఆవకాయ కలిపిన రోజు మాత్రం ఎంత సబ్బు రుద్దినా సరే, కళ్ళద్దాలే.

అభ్యాసం. రెండు వారాలు, రోజుకి నాలుగుసార్లు (లేవగానే, పెట్టిన గంటకి, సాయంత్రం, తీసిన గంటకి) దురదకి సున్నా నుంచి పదిలో మార్కు వేసి రాయండి. మొదటి వారం లెన్సుతో, రెండో వారం పూర్తిగా కళ్ళద్దాలతో. మధ్యలో సొల్యూషన్, కాటుక, చుక్కలు ఏవీ మార్చకూడదు. డాక్టరు రాసిన మందు వాడుతుంటే దాన్ని మీ అంతట మీరు ఆపకండి. గడువు తీరి పారేయబోయే లెన్సుని వేలి కొసన పెట్టి, కాస్త ఆరనిచ్చి, ట్యూబులైటు వైపు ఎత్తి చూడండి. మసక పొర, తెల్లని చుక్కలు ఉంటే అదీ రాసుకోండి.

నొప్పి, వెలుతురు చూడలేకపోవడం, చూపు మసకబారడం, వీటిలో ఏ ఒక్కటి వచ్చినా ఈ అభ్యాసం ఆపేయండి. లెన్సు తీసేసి అదే రోజు బెంగళూరులో చామరాజపేట మింటో కంటి ఆసుపత్రికో, దగ్గర్లోని మరో కంటి ఆసుపత్రికో వెళ్ళండి. తీసిన లెన్సునీ డబ్బానీ పారేయకుండా, కడగకుండా వెంట తీసుకెళ్ళండి. క్రిమి ఏదో పరీక్షించడానికి డాక్టరుకి అవి పనికొస్తాయి.