హైదరాబాద్‌లో ఉండి ఊళ్లో వడ్లు అమ్మించేవాళ్ల కోసం

మాది మక్తల్ దగ్గర ఊరు. సంగంబండ నీళ్ల కింద వరి వేస్తాం. పొలం నాయన, తమ్ముడు చూసుకుంటారు. నేను ఇక్కడ అత్తాపూర్‌లో ఉంటాను. పండించడంలో నా చెయ్యి లేదు గానీ, అమ్మకం కొన్నేళ్లుగా నా ఫోన్ మీదే నడుస్తోంది. రేట్లు కనుక్కోవడం, లారీ మాట్లాడటం, డబ్బులు పడేదాకా వెంటపడటం, అన్నీ నేనే. నాలాగా సిటీలో ఉద్యోగం చేసుకుంటూ ఊళ్లో వడ్ల గురించి టెన్షన్ పడే కొడుకులు, కూతుళ్లు చాలామంది ఉన్నారు. నారాయణపేట, గద్వాల జిల్లాల వాళ్లకైతే ప్రతి పంటకూ ఇదే ప్రశ్న: ప్రభుత్వ కొనుగోలు సెంటర్‌లో పొయ్యాలా, కల్లంలోనే వ్యాపారికి ఇచ్చెయ్యాలా, కృష్ణ దాటించి కర్ణాటకలోని రాయచూర్ పంపాలా? నేను ఎట్లా లెక్క వేసుకుంటానో, ఏ జాగ్రత్తలు తీసుకుంటానో రాస్తున్నాను.

రేట్లన్నీ ముందు ఒకే కొలతలోకి తేవాలి

మన సెంటర్‌లో ధర క్వింటాల్‌కు చెప్తారు. రాయచూర్ వైపు 75 కిలోల బస్తాకు చెప్తారు. అవతలి నుంచి ఫోన్‌లో "పందొమ్మిది వందల యాభై నడుస్తోందమ్మా" అన్నారనుకోండి, దాన్ని 75తో భాగించి వందతో గుణించాలి. క్వింటాల్‌కు 2,600 వస్తుంది. 2025-26లో మద్దతు ధర ఏ గ్రేడ్‌కు 2,389, సాధారణ రకానికి 2,369 రూపాయలు. చూడగానే రాయచూర్‌లో రెండు వందలు ఎక్కువ కనిపిస్తాయి. ఊళ్లో చాలామంది ఆ రెండు వందలు చూసే లారీ ఎక్కిస్తారు.

ఇప్పుడు ఖర్చులు తీసేద్దాం. ఈ అంకెలు ఉదాహరణకే, మీ ఊరివి మీరు వేసుకోండి. బస్తాకు రెండు కిలోల తరుగు తీస్తే, 77 కిలోలు ఇచ్చి 75 కిలోలకే డబ్బు తీసుకున్నట్టు. అక్కడే 2,600 కాస్తా 2,532 అవుతుంది. కమీషన్ రెండు శాతం, లారీ కిరాయి క్వింటాల్‌కు 90, ఎత్తుడు దించుడుకు 40 పోతే చేతికి వచ్చేది 2,350.

సెంటర్‌కూ ఇట్లాగే చెయ్యండి. అక్కడ 40 కిలోల బస్తా. ఖాళీ గోనె సంచి అర కిలోకి కొంచెం పైన ఉంటుంది కాబట్టి 40 కిలోల 600 గ్రాములు తూచితే న్యాయం. 42 తూచారంటే బస్తాకు కిలోన్నర దాకా ఊరికే పోయినట్టే, అప్పుడు 2,389 మనకు 2,308 పడుతుంది. హమాలీ 40 పోతే 2,268. ఇక్కడిదాకా చూస్తే రాయచూర్ ఎనభై రూపాయలు మేలు. కానీ సన్నాలకు 2024 వానాకాలం నుంచి రాష్ట్రం ఇస్తున్న 500 బోనస్ సెంటర్‌లో పోసిన వడ్లకే వస్తుంది. నది దాటితే అది పోయినట్టే. బోనస్ కలిపితే సెంటరే క్వింటాల్‌కు నాలుగు వందలు ఎక్కువ. ఈ లెక్క కాగితం మీద వేసి నాయనకు వాట్సాప్‌లో పంపాకే లారీ మాట మాట్లాడతాను.

బోనస్ గుర్తించిన 33 సన్న రకాలకే ఇస్తారు. రాజేంద్రనగర్ నుంచి వచ్చిన ఆర్‌ఎన్‌ఆర్ 15048, మన పాత బీపీటీ 5204 అందులో ఉన్నాయి. ప్రైవేటు కంపెనీ విత్తనం కొనేటప్పుడు జాబితాలో ఉందో లేదో ముందే మీ ఊరి వ్యవసాయ విస్తరణ అధికారిని (ఏఈఓ) అడగండి, విత్తనం బిల్లు దాచండి. వడ్లు కల్లంలోకి వచ్చాక ఈ సంగతి తెలిస్తే చేసేదేమీ ఉండదు.

కోతకు ముందే చూసుకోవాల్సినవి

పంట నమోదులో సర్వే నంబర్, ఎకరాలు, రకం సరిగ్గా ఎక్కాయో లేదో చూడండి. కౌలు భూమి అయితే పట్టాదారుతో ముందే మాట్లాడుకోవాలి. ఓటీపీ ఏ ఫోన్‌కు వస్తుందో కనుక్కోండి. ఆధార్‌కు మీ సిటీ నంబర్ ఇచ్చి ఉంటే, నాయన సెంటర్ దగ్గర నిలబడ్డ సమయానికి మీరు మీటింగ్‌లో ఉంటారు. బ్యాంక్ ఖాతా పనిచేస్తోందో లేదో కూడా అప్పుడే చూడాలి.

తేమ 17 శాతం దాటకూడదు. కోత మిషన్ నుంచి వచ్చిన వడ్లు అంతకంటే చాలా పచ్చిగా ఉంటాయి. ఆరబోసినా రాత్రి మంచుకు మళ్లీ తేమ పట్టుకుంటాయి కాబట్టి పొద్దున్నే కాకుండా మధ్యాహ్నం మీటర్ పెట్టించమని అడగండి. తాలు, చెత్త ఒక శాతం, మట్టి, రాళ్లు ఒక శాతం, పాల గింజ (సరిగ్గా ముదరనిది) మూడు శాతం లోపు ఉండాలి. ఫ్యాన్ పెట్టి తూర్పార పట్టడానికి కూలి అవుతుంది. అయినా తాలు పేరు చెప్పి బస్తాకు రెండు కిలోలు తీసే అవకాశం ఇవ్వడం కంటే ఆ కూలే తక్కువ.

యాసంగి వడ్లు వేరే కథ. ఎండకు గింజ పగిలి, పచ్చి బియ్యంగా ఆడిస్తే నూక ఎక్కువ పడుతుంది. అందుకే మిల్లులు వాటిని ఉప్పుడు బియ్యం చేస్తాయి. ఆ ఉప్పుడు బియ్యం తీసుకోబోమని కేంద్రం అన్నప్పుడు 2022 ఏప్రిల్‌లో ఎంత గొడవ జరిగిందో గుర్తుండే ఉంటుంది. యాసంగి వడ్లు మరీ ఎండబెడితే వ్యాపారి గింజ కొరికి చూసి రేటు దించేస్తాడు.

కాంటా దగ్గర

కాంటా డిస్‌ప్లే మీద బరువు కనిపించేలా, బస్తాతో కలిపి ఫోటో తీయమని తమ్ముడికి చెప్తాను. ఎన్ని బస్తాలు, ఎంత బరువు అన్నది ఆ రోజే రాయించుకోవాలి. ఆ తర్వాత మొదలయ్యే బాధ లారీ. కాంటా అయిన బస్తాలు లారీ రాక అక్కడే పడి ఉంటాయి, పైన మబ్బులు. ఆ సమయంలో డ్రైవర్‌కు బస్తాకింత ఇస్తేనే కదులుతుందని ఎవరో ఒకరు చెప్తారు. సెంటర్ నుంచి మిల్లుకు తీసుకెళ్లే కిరాయి రైతు పెట్టుకోవాల్సింది కాదు. అట్లాగే మిల్లులో దించాక "తేమ ఎక్కువుందట, ఇంకో కిలో కట్ చేస్తారట" అని ఫోన్ వస్తే ఒప్పుకోకండి. సెంటర్‌లో కాంటా అయ్యాక మిల్లుతో రైతుకు సంబంధం లేదు. పౌరసరఫరాల శాఖ నంబర్ 1967కు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించండి. మీరు సిటీలో ఉన్నా చెయ్యొచ్చు. నాయన మొహమాటపడతాడు, మనం పడకూడదు.

నది దాటించక తప్పకపోతే

సెంటర్ తెరవకముందే కోత అయిపోవచ్చు. చేతిలో డబ్బు అత్యవసరం కావచ్చు. రకం బోనస్‌లో లేకపోవచ్చు. అప్పుడు రాయచూర్ మార్కెట్ పనికొస్తుంది. సన్నాల విలువ తెలిసిన మిల్లులు ఆ వైపు చాలా ఉన్నాయి. కానీ లారీ కంటే ముందు శాంపిల్ పంపాలి. కుప్పలో నాలుగు వైపుల నుంచీ తీసి కలిపి, రెండు కవర్లలో పెట్టి, ఒకటి ఇంట్లో ఉంచుకోండి. రేటు, తరుగు, కమీషన్, హమాలీ, డబ్బు ఎప్పుడిస్తారు, ఈ ఐదూ వాట్సాప్ మెసేజ్‌లో రాయించుకోండి. మాటకు విలువిచ్చే సేట్లు ఉన్నారు, వాళ్లు రాయడానికి వెనకాడరు.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, ఒక యాసంగిలో మా లారీ అవతలికి చేరాక ఒక వ్యాపారి ఒప్పుకున్న రేటుకు వంద తగ్గించాడు. వెనక్కి తెచ్చుకుందామంటే ఇవతల చెక్‌పోస్ట్ ఉంది. పక్క రాష్ట్రం వడ్లు మన సెంటర్లలోకి రాకుండా కొనుగోళ్ల కాలంలో సరిహద్దుల్లో పెడతారు. ఆ ఉద్దేశం నాకు అర్థమవుతుంది. వ్యాపారులు అవతల చవకగా కొని ఇక్కడ మద్దతు ధరకు, బోనస్‌కు పోస్తే నష్టపోయేది మనమే. కానీ మక్తల్‌లో పండిన వడ్లని నాయన ఎంత చెప్పినా ఆ రాత్రి ఎవరూ వినలేదు. పొద్దున ఆ తగ్గించిన రేటుకే ఇచ్చి వచ్చాడు. ఎండలో ఆరబోసి, వానకు కాపాడుకున్న మనిషి తన వడ్లు తనవేనని నిరూపించుకోవాల్సి రావడం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. కృష్ణకు ఇంకో చివర వాడపల్లి వైపు ఆంధ్ర నుంచి మిర్యాలగూడ మిల్లులకు తెచ్చే రైతులకూ ఇదే కష్టం.

అందుకని లారీ వెంట పట్టాదారు పాస్‌బుక్ జిరాక్స్, పంట నమోదు కాగితం, ఆధార్ నకలు పంపండి. పోయేటప్పుడే చెక్‌పోస్ట్‌లో చూపించి లారీ నంబర్ రాయించమనండి. తక్‌పట్టీ, అంటే వ్యాపారి ఇచ్చే అమ్మకం చీటీ, నాయన పేరు మీదే ఉండాలి, డబ్బు ఆయన ఖాతాలోనే పడాలి. డ్రైవర్ చేతికి నగదు వద్దు.

ఆపుకుని అమ్మాలనుకుంటే

గోదాములో పెట్టి రేటు పెరిగేదాకా ఆగుదామనుకునేవాళ్లు ఎగుమతి వార్తలు చూడాలి. 2023 జులై 20న బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతి ఆపేశారు, 2024 సెప్టెంబర్ చివర్లో మళ్లీ తెరిచారు. మన చేతిలో లేని ఇలాంటి నిర్ణయం ఒక్క రోజులో వస్తుంది. అందుకే మొత్తం ఆపుకోవద్దంటాను. అప్పు, కోత మిషన్ కిరాయి తీరేంత ముందే అమ్మేసి మిగతాది ఆపండి. మా వీధి కిరాణాలో 26 కిలోల బియ్యం బస్తా రేటు కూడా గమనిస్తూ ఉంటాను. ప్రభుత్వ లెక్కలో క్వింటాల్ వడ్లకు 67 కిలోల పచ్చి బియ్యం రావాలి. బియ్యం రేటు పెరిగినా కల్లంలో రేటు కదలకపోతే వ్యాపారితో బేరానికి అదొక ఆధారం.

డబ్బు పడ్డాక కూడా కాగితాలు పారెయ్యకండి. బోనస్ మద్దతు ధరతో కలిసి రాదు, వేరుగా పడుతుంది. అది పడేదాకా సెంటర్ రసీదు, కాంటా ఫోటోలు, బ్యాంక్ మెసేజ్ ఒకే చోట ఉంచండి. ఆలస్యమైతే సెంటర్‌లో అడిగేటప్పుడు మొదట చూసేది ఆ రసీదే.